సర్కిల్‌కు ముందు జరిగే పని: నా అనుభవం

బడిలో ఒకరివల్ల ఇంకొకరు బాధపడ్డప్పుడు, శిక్ష వేయడానికి బదులు అందర్నీ కూర్చోబెట్టి, జరిగినదాన్ని సరిచేసుకునేలా మాట్లాడించడమే రెస్టొరేటివ్ సర్కిల్. ఆ పేరు వినగానే గుండ్రంగా వేసిన కుర్చీలే గుర్తొస్తాయి. కానీ అది కుదిరేదీ చెడేదీ అంతకుముందు పిల్లలతో విడివిడిగా మాట్లాడేటప్పుడే. ఒక్కొక్కరికి కనీసం 20 నిమిషాలు కేటాయిస్తాను. తప్పు చేసిన పిల్లవాడితో ముందు మాట్లాడతాను. తన పాత్ర కొంతైనా ఒప్పుకోకపోతే సర్కిల్ పెట్టను. బాధపడ్డ పిల్ల ఎంతో ధైర్యం కూడగట్టుకుని వస్తుంది. అందరి ముందూ "నేనేం చేయలేదు" అని వాడంటే ఆ పిల్లకు అది రెండో దెబ్బ.

"ఎందుకు చేశావు?" అని అడగను. దానికి "తెలీదు" అనో, "ముందు వాళ్ళే మొదలెట్టారు" అనో జవాబొస్తుంది. ఏం జరిగింది? అప్పుడు నీ మనసులో ఏముంది? తర్వాత ఏమనిపించింది? దీనివల్ల ఎవరెవరు ఇబ్బందిపడ్డారు, ఎలా? సరిచేయాలంటే ఏం చేయాలి? ఇదే వరుస. నాలుగో ప్రశ్న దగ్గర చాలామంది తల వంచుకుని షర్టు గుండీ తిప్పుతూ ఉండిపోతారు. అక్కడ ఆగాలి. ఆ మౌనం భరించలేక పెద్దవాళ్ళం జవాబు అందించేస్తాం. ఇక ఆ తర్వాత వచ్చే మాటలు పిల్లవాడివి కావు, మనవే.

సర్కిల్‌కు 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మధ్యలో బల్ల ఉండకూడదు. ఒక మెత్తటి బంతి చేతులు మారుతుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే మాట, మాట్లాడటం ఇష్టం లేకపోతే పక్కవాళ్ళకు ఇచ్చేయొచ్చు. ప్రతి పిల్ల పక్కనా తను కోరుకున్న మనిషి కూర్చోవాలి. పిల్లల పక్కన తమవాళ్ళు ఉండటం కొత్తేమీ కాదు: 1989 నాటి న్యూజిలాండ్ చట్టం పిల్లల కేసుల్లో కుటుంబ సమావేశాలకు చోటిచ్చింది. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఆ పద్ధతి బడుల్లోకి వచ్చింది. తోడు మనిషి కూర్చోవాల్సిన ఆ కుర్చీ ఖాళీగా ఉంటే పిల్లలకు అది విచారణలాగే అనిపిస్తుంది.

సర్కిల్ చివర రాసుకునే ఒప్పందంలో "ఇకపై బుద్ధిగా ఉంటాను" అని రాయనివ్వను. దాన్ని ఎవరూ సరిచూడలేరు. "చింపిన సైన్సు నోట్సు శుక్రవారంలోగా తిరిగి రాసిస్తాను" అంటే చూడగలం. రెండు వారాలయ్యాక ఇద్దర్నీ మళ్ళీ విడివిడిగా అడగాలి. ఎక్కువగా వదిలేసేది ఈ మెట్టునే, తిరిగి గొడవ రాజుకునేదీ ఇక్కడే.

లైంగిక వేధింపులు జరిగిన చోట గానీ, బెదిరింపు ఇప్పటికీ నడుస్తున్న చోట గానీ సర్కిల్ పనికిరాదు. ముందు పిల్లల రక్షణ చూడాలి. బాధపడ్డ పిల్ల రానంటే బలవంతపెట్టను. తను చెప్పదలచుకున్నది ఉత్తరంలో రాస్తే, తను ఒప్పుకున్న మనిషి చదివి వినిపిస్తారు.