'తెలీదు' అనడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది

దక్షిణ కొరియాలోని దేజన్‌లో ఓ ల్యాబ్‌లో చేరేనాటికి నేను కొరియన్ భాషా పరీక్ష 'టోపిక్'లో మూడో లెవెల్ పాసై ఉన్నాను. నేను రాసిన ఆ పరీక్షలో వినడం, రాయడం, చదవడమే తప్ప నోరు విప్పే పని లేదు. మొదటి వారంలోనే నా బండారం బయటపడింది. ప్రొఫెసర్ గారు వచ్చి శాంపిల్ ఎప్పటికి రెడీ అవుతుందని అడిగారు. నిజంగానే తెలీదు. "మొల్లయో" అన్నాను. చివర మర్యాదకి 'యో' ఉంది కదా అని నా ధీమా. ఆయన ఒక్క క్షణం నావైపు చూసి వెళ్లిపోయారు.

పక్క బల్ల సీనియర్ తల పట్టుకున్నాడు. ఒట్టి 'మొల్లయో' అంటే "నాకేం తెలుసు?" అన్నట్టు తగులుతుందట. "చల్ మొరుగెస్సొయో" అనాలి, అంటే సరిగ్గా తెలియడం లేదండీ అని. ప్రొఫెసర్‌తో అయితే చివర 'సుమ్నిదా' తగిలించాలి. మధ్యలో ఆ 'గెస్' చేరగానే మాట మెత్తబడుతుంది.

ఆ తర్వాత నన్ను ఏడిపించింది 'గొత్ గాతాయో'. నా పుస్తకం ఇంగ్లీషుది, దానికి 'ఐ థింక్' అని అర్థం రాసి ఊరుకుంది. దాన్ని పట్టుకుని ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులో కట్టుకుని, తర్వాత కొరియన్‌లోకి తిప్పేవాణ్ణి. ఈలోగా ఎదుటివాళ్లు టాపిక్ మార్చేసేవారు. జులైలో, అక్కడి వానాకాలం 'చాంగ్‌మా' రోజుల్లో, సీనియర్ కిటికీలోంచి చూసి "పిగా ఓల్ గొత్ గాతాయో" అన్నాడు. 'పి' వాన. 'ఓల్' వచ్చే. 'గొత్' అంటే అది, సంగతి. 'గాతాయో' అంటే లాగా ఉంది. వాన వచ్చేలా ఉంది! మా గుంటూరులో మా నాయనమ్మ డాబా మీద వడియాలు ఎత్తుతూ అనే మాటే.

అక్కడితో ఆగలేదు. 'ఓల్' తీసి 'ఓనున్' పెడితే వస్తున్నట్టుంది, 'ఓన్' పెడితే వచ్చినట్టుంది. వచ్చే, వస్తున్న, వచ్చిన: మనకున్న మూడూ వాళ్లకీ ఉన్నాయి, అవే చోట్లలో. 'ఓల్‌చిదో మొల్లయో' అయితే అచ్చంగా మన 'వస్తుందో ఏమో'. నన్ను ముంచిన ఆ 'మొల్లయో'యే ఇక్కడ బుద్ధిగా కూర్చుని ఉంది. ఆ రాత్రే ఇంగ్లీషు పుస్తకాన్ని అటక ఎక్కించాను.

కానీ తెలుగు ఉందన్న ధైర్యంతో 'నా బ్వాయో' దగ్గర బోల్తా పడ్డాను. ఎవరో తడిసిన గొడుగుతో లోపలికి వస్తే "పిగా ఓనా బ్వాయో" అంటారు, వాన పడుతోంది కాబోలు అని. మనం చూడలేదు, గొడుగును బట్టి ఊహించాం. విశేషణాల పక్కన అదే 'గా బ్వాయో' అవుతుంది. మధ్యాహ్నం క్యాంటీన్ లైన్లో నిలబడి, కొత్త మాట వాడాలన్న ఉబలాటంలో "పెగా కోపున్‌గా బ్వాయో" అన్నాను. అంటే "నాకు ఆకలేస్తోంది కాబోలు". నా కడుపు సంగతి నేనే ఊహిస్తున్నానన్నమాట! లైనంతా నవ్వింది. సొంత విషయానికి అది అసలే పనికిరాదని కాదు. "నేనే పొరబడ్డాను కాబోలు" అన్నట్టు, అప్పుడే తెలిసొచ్చిన దానికి అక్కడా వాడతారు. కాబోలు అని పెద్దవాళ్లు తప్ప ఇప్పుడు మన దగ్గర ఎవరూ అనడం లేదు గానీ, నాకు ఆ మాట విలువ తెలిసింది దేజన్‌లోనే.

ల్యాబ్ కింద చిన్న హోటల్ ఉంది. నడిపే ఆవిడని అందరూ 'ఇమో' అంటారు, పిన్ని అని. కిమ్చి చిగే అనే పులుసు పెట్టి ఎలా ఉందని అడిగింది. "మషిన్‌నున్ గొత్ గాతాయో" అన్నాను వినయంగా. బాగున్నట్టుంది అని. "నోట్లో పెట్టుకున్నాక కూడా 'ఉన్నట్టుంది' ఏంటబ్బాయ్?" అని గదిమింది. నిజానికి కుర్రకారు అంతా అలాగే అంటారు, పెద్దవాళ్లకి అది నచ్చదు. "మషిస్సొయో" అని దిద్దుకున్నాక ఇంకో గరిటె వేసింది.

మొన్న ప్రొఫెసర్ గారు మళ్లీ శాంపిల్ సంగతి అడిగారు. ఈసారి తడుముకోలేదు. శుక్రవారానికి అయ్యేలా ఉందండీ అన్నాను, 'సుమ్నిదా'తో సహా. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, "అయ్యేలా ఉందా, అవుతుందా?" అన్నారు.

అవుతుందండీ అన్నాను. సోమవారానికి అయింది.