అరిగిన లోహపు రజను, ఎముకను తినే కణాలు

పెద్దమ్మకు రెండు మోకాళ్ళకూ కీలుమార్పిడి జరిగి ఈ సంక్రాంతికి ఆరేళ్ళు నిండాయి. పండక్కి ఊరు వెళ్ళినప్పుడు, అరిసెల పిండి జల్లిస్తూ ఆమె ఉన్నట్టుండి అడిగింది: “తిరగలి రాళ్ళు అరిగితే ఆ రాతిపొడి పిండిలోకే పోతుంది కదరా, మరి నా మోకాళ్ళలోని ఇనుము అరిగితే ఆ రజను ఎక్కడికి పోతుంది?” పరిశోధక విద్యార్థిగా నేను నాలుగేళ్ళకు పైగా తలపట్టుకు కూర్చున్నది సరిగ్గా ఈ ప్రశ్న మీదేనని ఆమెకు తెలియదు. “చాలావరకు అక్కడే ఉంటుంది పెద్దమ్మా, నీ ఒంట్లోని కణాలు దాన్ని మింగుతాయి” అన్నాను. అసలు కథ ఆ మింగడం తర్వాతే మొదలవుతుందని ఆమెకు ఆ పూట చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, నేను చేసిన ఒక పొరపాటుతో సహా.

ముందుగా ఒక సవరణ. ఆమె మోకాలిలో ఉన్నది ఇనుము కాదు. తొడ ఎముక చివరన ఉండే నున్నని తొడుగు సాధారణంగా కోబాల్ట్, క్రోమియం కలిసిన మిశ్రమలోహం. కాలి ఎముక మీద కూర్చోబెట్టే పళ్ళెం చాలాసార్లు టైటానియం మిశ్రమలోహం. ఆ రెంటి మధ్య పాలిథిలీన్ దిమ్మ ఉంటుంది. లోహం పాలిథిలీన్ మీద జారుతుంది కనుక రాలే పొడిలో ఎక్కువ పాలు ప్లాస్టిక్‌దే. లోహపు రజనుకు వేరే దారులున్నాయి: తుంటి కీలులో బంతిని, తొడ ఎముకలోకి దించే కాడకు బిగించిన చోట జరిగే సన్నని కదలిక, వదులైన కాడ దాన్ని ఎముకకు పట్టి ఉంచే సిమెంటుతో రాసుకోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా లోహపు బంతి లోహపు గిన్నెలోనే తిరిగేలా చేసిన తుంటి కీళ్ళు.

ఈ పొడి ఎముకకు చేటు చేస్తుందని వైద్యులకు తెలిసిన తీరే ఒక కథ. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు జాన్ చార్న్‌లీ 1958 నుంచి టెఫ్లాన్ గిన్నెలతో తుంటి కీళ్ళు అమర్చారు. మూడు నాలుగేళ్ళలోనే అవి అరిగిపోయి, చుట్టూ గడ్డలు కట్టి, ఎముక కరిగి, సుమారు 300 మందికి చేసిన ఆ కీళ్ళలో ఎక్కువ భాగం విఫలమయ్యాయి. 1962లో ఆయన పాలిథిలీన్‌కు మారారు. అయితే ఈసారి ఊరికే నమ్మలేదు. రెండు పదార్థాల పొడినీ తన తొడలోకే ఎక్కించుకుని నెలల తరబడి పరీక్షించుకున్నారు. టెఫ్లాన్ చోట గడ్డ కట్టింది, పాలిథిలీన్ చోట కట్టలేదు. విచిత్రమేమిటంటే, తర్వాతి దశాబ్దాలలో ఆ పాలిథిలీన్ పొడే ఎముక అరుగుదలకు ప్రధాన కారణంగా తేలింది. మధ్యలో కొంతకాలం నింద సిమెంటు మీద పడింది. 1987లో దానికి ‘సిమెంటు వ్యాధి’ అని పేరే పెట్టారు. సిమెంటు లేకుండా అమర్చిన కీళ్ళ చుట్టూ కూడా అవే గుంటలు కనిపించాక గాని ఆ పేరు వెనక్కి తగ్గలేదు.

రేణువు ఎముకను కొరకదు. ఆ పని చేసేది మన కణాలే. రేణువు దగ్గరికి మొదట వచ్చేవి మాక్రోఫేజ్‌లు, అంటే శరీరంలో పారిశుద్ధ్య పనివారి వంటి కణాలు. బాక్టీరియాను మింగినట్టే అవి దీన్నీ మింగుతాయి. కానీ బాక్టీరియా జీర్ణమవుతుంది, టైటానియం గాని పాలిథిలీన్ గాని జీర్ణం కాదు. మింగలేక, కక్కలేక ఆ కణం టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలను వదులుతూనే ఉంటుంది. ఆ కేకలు విన్న ఆస్టియోబ్లాస్ట్‌లు, అంటే ఎముకను కట్టే కణాలు, ర్యాంక్‌ఎల్ అనే మరో సంకేతాన్ని ఎక్కువగా తయారు చేస్తాయి. ర్యాంక్‌ఎల్ అందుకున్న మాక్రోఫేజ్ జాతి కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న పెద్ద ఆస్టియోక్లాస్ట్‌లుగా మారతాయి. ఇవి ఎముకకు జలగలా అతుక్కుని, అడుగున ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగించి, కెథెప్సిన్-కె అనే ఎంజైముతో ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తినేస్తాయి. ఎముకను కట్టవలసిన కణమే దాన్ని కూల్చేవాళ్ళకు కబురు పంపుతుందన్నది ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం. పైగా ఆస్టియోబ్లాస్ట్‌లు కూడా సన్నని టైటానియం రేణువులను మింగగలవు. మింగాక వాటిలో కొల్లాజెన్ తయారీ తగ్గుతుంది. అంటే తవ్వకం పెరుగుతుంది, పూడిక తగ్గుతుంది.

రేణువు పరిమాణాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటినవాటిని ఒక్క మాక్రోఫేజ్ మింగలేదు. ఒక మైక్రాన్ కన్నా చిన్నవే ఎక్కువ అలజడి రేపుతాయి. లోహం మీద లోహం తిరిగే కీళ్ళలో రాలే రజను మొత్తం బరువులో తక్కువే, కానీ ఒక్కో రేణువు నానోమీటర్లలో ఉండటం వల్ల వాటి సంఖ్య విపరీతం. ఆ కోబాల్ట్-క్రోమియం రేణువును కణం మింగి ఆమ్లపు సంచిలో పెట్టుకోగానే అది కొద్దికొద్దిగా కరిగి, కణం లోపలే కోబాల్ట్ అయాన్లను విడుదల చేస్తుంది. కోబాల్ట్ అయాను కణాన్ని తనకు ప్రాణవాయువు అందడం లేదన్న భ్రమలో పడేస్తుంది. ఈ రకం తుంటి కీళ్ళలో ఒకటైన ఏఎస్‌ఆర్‌ను 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది బ్రిటన్ నియంత్రణ సంస్థ, రక్తంలో కోబాల్ట్ గాని క్రోమియం గాని లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే నిశితంగా పరిశీలించాలని సూచించింది.

ఇక నా పొరపాటు. రెండో ఏడు, కొని తెచ్చిన టైటానియం పొడిని ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరి పాత్రలో, 121 డిగ్రీల దగ్గర శుద్ధి చేసి, ఎలుక మాక్రోఫేజ్‌ల మీద చల్లాను. మర్నాడు ఎలైజా ప్లేటులో (ఒక పదార్థం ఎంతుందో రంగును బట్టి చెప్పే పరీక్ష ఇది) టీఎన్‌ఎఫ్ రంగు ముదురుగా తేలింది. సంతోషంతో ఆ రాత్రి నిద్రపట్టలేదు. మూడు నెలల పాటు అదే ఫలితం మళ్ళీ మళ్ళీ వచ్చింది. తర్వాత గాని, క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ గ్రీన్‌ఫీల్డ్ బృందం చేసిన పని నా కంట పడలేదు. కొన్ని రకాల బాక్టీరియా గోడల్లో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం లోహపు రేణువులకు గట్టిగా అంటుకుని ఉంటుంది. ఆటోక్లేవ్ బాక్టీరియాను చంపుతుంది గాని దీన్ని పోగొట్టలేదు. వాళ్ళు చెప్పినట్టే నైట్రిక్ ఆమ్లంతోనూ, క్షారం కలిపిన ఆల్కహాలుతోనూ మార్చి మార్చి కడిగాను. కడిగిన రేణువులను కణాలు మునుపటిలాగే మింగాయి, సూక్ష్మదర్శినిలో వాటి కడుపుల నిండా నల్లని చుక్కలు. ప్లేటులో రంగు మాత్రం దాదాపు తేలలేదు. మూడు నెలలుగా నేను కొలిచింది టైటానియాన్ని కాదు, దానికంటిన మురికిని. (ఈ మురికిని పట్టే పరీక్షకు వాడేది గుర్రపు నాడా ఆకారంలో ఉండే లిములస్ అనే సముద్రజీవి రక్తం నుంచి తీసిన పదార్థం. ఆ రక్తం నీలిరంగులో ఉంటుంది.)

శుభ్రమైన రేణువు నిరపాయమని దీని అర్థం కాదు. మింగిన రేణువు కణంలోని ఆమ్లపు సంచిని చిల్లిపెడితే, ఇన్‌ఫ్లమసోమ్ అనే యంత్రాంగం కదిలి ఇంటర్‌ల్యూకిన్-1 బయటికొస్తుంది. అయితే అందుకు ముందొక మేలుకొలుపు కావాలి, ఎండోటాక్సిన్ ఆ మేలుకొలుపు ఇవ్వగలదు. మరో చిక్కు కూడా ఉంది. మనుషుల్లో ఎండోటాక్సిన్‌ను గుర్తించే టీఎల్‌ఆర్-4 గ్రాహకానికి కోబాల్ట్ అయాను నేరుగా అతుక్కోగలదు, ఎలుక గ్రాహకానికి అతుక్కోలేదు. అంటే ఎలుక కణాలతో పనిచేసేవారికి టైటానియం విషయంలో లేని అపాయం కనిపించవచ్చు, కోబాల్ట్ విషయంలో ఉన్న అపాయం కనిపించకపోవచ్చు. అప్పటి నుంచి ఈ రంగంలో ఏ వ్యాసం తెరిచినా ముందు చూసేది రేణువులను ఎలా కడిగారు, కణాలు ఎవరివి అన్నదే.

చికిత్సలో నిజంగా తేడా తెచ్చింది కణాల మీద మందు కాదు, పొడిని తగ్గించడం. 1990ల చివర వచ్చిన, అణువులను గట్టిగా ముడివేసిన పాలిథిలీన్‌తో తుంటి కీళ్ళలో అరుగుదల బాగా తగ్గింది. ర్యాంక్‌ఎల్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ అనే మందును ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 24 మందితో పరీక్షించి, ఎముక గుంటల్లో ఆస్టియోక్లాస్ట్‌లు గణనీయంగా తగ్గాయని 2022లో ప్రకటించారు. అది తొలి అడుగు మాత్రమే, దాన్ని ఆధారం చేసుకుని ఎవరూ మందు అడగకూడదని నా అభిప్రాయం. మార్చిన మోకాళ్ళలో సుమారు 82 శాతం 25 ఏళ్ళు నిలుస్తాయని 2019లో అచ్చయిన ఒక పెద్ద విశ్లేషణ అంచనా వేసింది.

ఆ అంకె చెబితే పెద్దమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, “అప్పటికి నాకు తొంభై ఒకటి” అంది. ఎముకలో గుంటలు చాలాకాలం నొప్పి లేకుండానే పెరుగుతాయి కనుక, నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయించుకోవాలని గట్టిగా చెప్పాను. పండగ వెళ్ళాక మూడో రోజున అన్నయ్య తీసుకెళ్ళి తీయించాడు. ఫిల్ము ఫోటో నా ఫోనుకు వచ్చింది. లోహం చుట్టూ నల్లని గీత కోసం చాలాసేపు వెతికాను, కనిపించలేదు.