ఆ కత్తెర నాకెందుకు ఇవ్వరు?

ఇంట్లో అందరూ పడుకున్నారు. తెల్లవారితే చిన్నదానికి పరీక్ష ఉంది కనుక నేనూ పడుకోవలసినదాన్నే, కానీ ఈ చిరాకును రాసి వదిలించుకోకపోతే నిద్ర పట్టేటట్టు లేదు.

బెంగళూరులోని బెళ్ళందూరు ట్రాఫిక్‌లో ఒళ్ళు హూనమైన రోజున నేను తెర మీది బొమ్మలో దాగిన వస్తువులు వెతికే మిస్టరీ ఆట ఒకటి తెరుచుకుని కూర్చుంటానని మీకు తెలిసినదే. ఈ రాత్రి ఆటలో ఒక పాత బంగళా, మాయమైన పెళ్ళికూతురు, కిటికీ పక్కన తాడుతో బిగించి కట్టిన పెట్టె ఉన్నాయి. గదిలోని సామాను గుట్టలో పన్నెండు వస్తువులను వెతకమన్నారు. వాటిలో కత్తెర ఉంది, చాకూ ఉంది. రెండింటినీ కనిపెట్టాను. కనిపెట్టిన మరుక్షణమే అవి జాబితాతో పాటు మాయమైపోయి, చివరికి నా చేతికి ఒక తలుపు పిడి మాత్రమే మిగిలింది. తాడు కోయడానికి వేరే కత్తెర కావాలట. అది మూడు గదుల అవతల ఇంకో గుట్టలో ఉందట. దాన్ని తెచ్చి తాడు కోయగానే ఆ కత్తెర కూడా కనుమరుగైంది. మెట్ల దగ్గర మరో తాడు ఎదురైతే మళ్ళీ మొదటి గదికే పంపారు. అదే బొమ్మ, అదే గుట్ట, జాబితా ఒక్కటే కొత్తది. నేపథ్య చిత్రాలు గీయడం శ్రమతో కూడిన పని కాబట్టి ఒకే గదిని రెండు మూడు సార్లు వాడుకుంటారని నాకు అర్థమవుతుంది. కానీ నన్ను డిటెక్టివ్ అని పిలిచి, నా చేతిలోని కత్తెరను కత్తెరగా వాడనివ్వకపోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

తర్కం లేని చోట ఆనందం ఉండదని ఇక్కడ రాయబోయాను. ఇంతలో నెల్లూరు ఇంట్లో అన్నయ్య కొన్న కంప్యూటర్ గుర్తుకొచ్చింది. ఆ రోజుల్లో బిగ్ ఫిష్ అనే ఆటల కంపెనీ వాళ్ళ ఆటలు గంటసేపు ఉచితంగా ఆడుకోనిచ్చేవి, ఆపైన డబ్బు కట్టాలి. 2005లో వచ్చిన 'మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్' మా ఇంటికి అలాగే వచ్చింది. ఆ గంటను వృథా చేయకూడదని ముందే అన్నాలు తినేసి, అన్నయ్య మౌస్ పట్టుకోగా, మిగిలినవాళ్ళం వెనక కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. అమ్మకు ఇంగ్లీషు జాబితా చదవడం రాదు. నేను ఒక్కొక్కటే తెలుగులో చెబుతుంటే, బియ్యంలో రాళ్ళు ఏరే చూపుతో తెర అంతా ఒక్కసారి తడిమి, “అదిగోనే, ఆ చెక్క గీతల్లో కలిసిపోయి బల్లి ఉంది, చూడవే” అనేది. అన్నయ్య తొందరపడి తెర నిండా నొక్కితే సమయం కోత పడేది, అప్పుడు అమ్మ అతని చేతి మీద ఒక్కటి వేసేది. గంట ముగిసి తెర మీద డబ్బు అడిగే పెట్టె వచ్చినప్పుడు అందరి కంటే ఎక్కువ నొచ్చుకున్నది అమ్మే. దొంగ ఎవరో, ఏ నేరం జరిగిందో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ ఆటలో మాత్రం తర్కం ఎక్కడుంది? వంటగదిలో కనిపించే వస్తువులకు వంటతో సంబంధమే ఉండేది కాదు. అయినా మాకు విసుగు పుట్టలేదు. కాబట్టి పైన నేను రాయబోయినది సగమే సరైనదని ఇప్పుడు తోస్తోంది. ఆ ఆట మాకు వెతుకులాటను మాత్రమే ఇస్తానని చెప్పి, దాన్నే ఇచ్చింది. అదే వరుసలో 2008లో వచ్చిన 'రిటర్న్ టు రేవెన్‌హర్స్ట్' నాటికి గదుల మధ్య తిరగడం, సాధనాలు పోగు చేయడం, కథను ఛేదించడం కూడా వచ్చి కలిశాయి. కథను ముందుకు తెచ్చిన తరువాత ఆ కథకు కట్టుబడి ఉండాలి కదా!

దాచడంలోనూ న్యాయం ఉండాలి. మెట్ల కమ్మీ వంపులో పామును కలిపేస్తే అది చిత్రకారుడి నైపుణ్యం; పదిసార్లు దాటిపోయిన కంటికి అది ఒక్కసారిగా కనబడినప్పుడు కలిగే సంబరం కోసమే నేను ఈ ఆటలు ఆడతాను. గోధుమరంగు గోడ మీద గోధుమరంగు గొడుగును సగం చెరిపి అతికించడం నైపుణ్యం కాదు. సూచన మీట నొక్కాక కూడా “ఇది గొడుగా?” అని అడగవలసి వస్తే, ఆ లోపం నా చూపుది కాదు.

చిన్నది ఆడే 'హిడెన్ ఫోక్స్'లో ఈ బాధ లేదు. 2017 నాటి ఆ ఆటలో బొమ్మలన్నీ చేత్తో గీసినవి, రంగులు లేవు, గడియారం లేదు, శబ్దాలన్నీ మనుషులు నోటితో చేసినవే. వెతకవలసిన ప్రతి మనిషి గురించి ఒక్క వాక్యం ఇస్తారు, అది చదివితే అతను ఏ పనిలో ఉన్నాడో, ఏ చోట ఉండవచ్చో ఊహించవచ్చు. పొద నొక్కితే పొద కదులుతుంది, గుడారం నొక్కితే తెరుచుకుంటుంది. పండగకు అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ వాక్యాలను తెలుగులో చదివి వినిపించే పని చిన్నదానికి అప్పగిస్తాను.