నా కాళ్ల సంగతి తర్వాత, ముందు కడుపునొప్పి చూడండి

నాకు పోలియో. రెండేళ్లప్పుడు వచ్చింది, ఇప్పుడు నలభై ఏడు, వీల్‌చైర్ వాడతా. ముందే ఎందుకు చెప్తున్నానంటే ఏ ఆసుపత్రికెళ్లినా వాళ్లు ఇక్కడే ఆగిపోతారు, జ్వరమని వెళ్తే "కాళ్లు ఎప్పట్నుంచి ఇలా?", పన్నునొప్పని వెళ్లినా అదే ప్రశ్న. కుర్ర డాక్టర్లయితే మరీనూ, మన దేశంలో సహజంగా సోకిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది కదా, వీళ్లు పుస్తకంలో చదవడమే తప్ప మనిషిని చూసుండరు, పక్క రూంలోంచి ఇంకో ఇద్దర్ని పిలిచి మరీ చూపిస్తారు. చూపించుకోండి, కాకపోతే నన్నొక మాట అడగండి.

ఈ ఏడాది పొత్తికడుపులో నొప్పి, బ్లీడింగ్ ఎక్కువైతే వదినని తోడు తీసుకుని ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో గైనకాలజిస్టు దగ్గరికెళ్లా. ఆవిడ నా ఎదురుగా కూర్చుని వదిన మొహం చూస్తూ "ఈవిడకి పీరియడ్స్ రెగ్యులరేనా?" అంది. వదిన "ఆవిడనే అడగండి మేడం, బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది, అన్నీ చెప్తుంది" అంటే సరేనని నా వైపు తిరిగింది, తర్వాతి ప్రశ్నకి మళ్లీ వదిన వైపే. పెళ్లయిందా అని మాత్రం ఇద్దర్నీ అడగలేదు, "అన్‌మ్యారీడ్" అని తనే రాసేసుకుంది. నాకు పదహారేళ్ల కొడుకున్నాడండీ బాబూ! సిజేరియన్ అయిన మనిషిని, ఆ సంగతి తెలియకుండానే పరీక్ష చేసేద్దామనుకుంది.

ఆ పరీక్ష కూడా కాలేదు. బల్ల నా కుర్చీలోంచి చూస్తే దాదాపు నా మెడ ఎత్తుంది, ఎక్కడానికి ఒక ఇనప స్టూలు. ఆయా "మెల్లిగా ఎక్కండమ్మా" అంటోంది, నిలబడలేనని చెప్తే బయటికెళ్లి వార్డుబాయ్‌ని పిలుచుకొచ్చింది, అతను వచ్చీ రాగానే చంకల కింద చేతులు పెట్టబోయాడు. ఆడవాళ్లని పిలవండి, ఎలా ఎత్తాలో నేను చెప్తా అన్నా. ఎవరూ ఖాళీ లేరట. చివరికి డాక్టరమ్మ కుర్చీలోనే నా పొట్ట రెండు చోట్ల నొక్కి, స్కానింగ్ రాసి, "పర్లేదులెండి" అంది. ఏం పర్లేదో నాకు తెలీదు. తర్వాత వేరే చోట స్కాన్ తీస్తే ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో గడ్డ అని తేలింది, ఆపరేషన్ అవ్వొచ్చంటున్నారు.

ఇంకోటి, బరువు. నిలబడితేనే తూచే మెషీన్లు అన్నిచోట్లా, అందుకని నర్సు నన్ను పైనుంచి కిందిదాకా చూసి "ఓ అరవై వేసుకుందామా?" అంటుంది. కూరగాయలు కూడా అలా అమ్మరు మా వీధిలో. మత్తుమందు డోసు బరువు చూసి కదా లెక్కేసేది!

2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 25లో ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు ప్రైవేటువి కూడా అన్ని భాగాల్లో అడ్డంకుల్లేకుండా ఉండాలని ఉంది, వైద్యంలో ముందు ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. అన్ని భాగాలంటే గేటు దగ్గర ర్యాంపు ఒక్కటే కాదుగా, కానీ మనవాళ్లకి ర్యాంపు కట్టేస్తే పని అయిపోయినట్టే, దానిమీదేమో బైకులు పెడతారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, చూపులేని రాజీవ్ రటూరి వేసిన కేసులో, వికలాంగులకి అన్నీ అందుబాటులో ఉండేలా పెట్టిన ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి రూల్స్ పెట్టండని కేంద్రానికి చెప్పింది. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా కూడా ఉంది, ఏ ఆసుపత్రికైనా పడగా నేనైతే చూళ్లేదు. డబ్బుల్లేక కాదండీ ఇది, కొత్త ఎమ్మారై వచ్చిందని ఊరంతా హోర్డింగులు పెట్టిన ఆసుపత్రిలోనే పైకీ కిందకీ దిగే బల్ల ఒక్కటి ఉండదు.

నాకైనా నోరుంది, గొడవ పడతా. మా కొలీగ్ ఒకమ్మాయికి వినపడదు, ఓపీలో పేర్లు అరిచి పిలుస్తారు, ఎన్నిసార్లు చెప్పినా చెయ్యూపి పిలవరు, తన నంబరు దాటిపోయాక వెళ్లి అడిగితే "ఎక్కడికెళ్లావ్ ఇందాకట్నుంచీ" అని కసురుతారు. తనిప్పుడు డాక్టర్ దగ్గరికి పోవడమే మానేసి మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటోంది, ఇది నాకు నా సంగతి కన్నా భయంగా ఉంది.

నా పని ఇంకా అవ్వలేదు. ఆపరేషన్ గురించి మాట్లాడ్డానికి ఇంకో ఆసుపత్రికి వెళ్లాలి, ఈసారి ముందే ఫోన్ చేసి బల్ల కిందకి దిగుతుందా, ఎత్తడానికి ఆడవాళ్లుంటారా అని అడుగుతున్నా, రిసెప్షన్‌లో అమ్మాయి "మేడం, వీల్‌చైర్ మేమే ఇస్తాం" అంటుంది, అంతకుమించి ముందుకెళ్లట్లేదు. కుర్చీతో సహా తూచే కాటా డయాలసిస్ చేసేచోట ఉంటుందని ఎవరో చెప్పారు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎక్కడైనా చూసుంటే చెప్పండి, నాకు ఈ నెలలోనే కావాలి.