దాలెత్‌కి మూల ఉంటుంది

మా సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఆదివారం బడి రెండో తరగతి టీచర్ సంవత్సరం మధ్యలో మానేసింది. "నువ్వు చెప్పు" అన్నారు మా మతగురువు రబ్బీ. పెళ్లికి ముందు యూదు మతంలోకి మారి, ముప్పై ఏళ్ల వయసులో హీబ్రూ దిద్దుకున్నదాన్ని. న్యూజెర్సీలో పుట్టిన తొమ్మిదిమంది యూదు పిల్లలకు నేను చెప్పడమేమిటని ఒకటే టెన్షన్. మొదటిరోజే అలవాటుకొద్దీ బోర్డు ఎడమ చివర చాక్‌పీసు పెట్టాను. హీబ్రూ కుడినుంచి కదా రాసేది! పిల్లలు గొల్లుమన్నారు.

అసలు చిక్కు వేరే. ప్రార్థనలు గడగడా చదివేస్తున్నారు గానీ, చూపు హీబ్రూ మీద లేదు, కింద ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చువేసిన ఉచ్చారణ మీద ఉంది. ఆ వరుస మీద కాగితం అంటించాను. క్లాసంతా మూగబోయింది. ఇద్దరు తల్లులు నొచ్చుకున్నారు కూడా.

అప్పుడు తెనాలిలో అమ్మమ్మ పలక మీద దిద్దించిన గుణింతం గుర్తొచ్చింది. హీబ్రూలో 22 అక్షరాలూ హల్లుల కిందే లెక్క. అచ్చులేమో చుక్కలూ గీతలూ, చాలావరకు అక్షరం కిందే ఉంటాయి. పలికేవి ఐదే. బ, బి, బె, బొ, బు అని రాగం తీయించాను. వారానికి రెండక్షరాలు. పురీం పండగ నాటికి అందరూ కూడబలుక్కుని చదవసాగారు.

'షెమా' దగ్గర మళ్లీ ఆగాం. కుడిచేత్తో కళ్లు మూసుకుని చెప్పే ప్రార్థన అది. ఆ మాటకు 'విను' అని అర్థం. "మోరా, దేవుణ్ణి ఎన్నిసార్లు విను విను అనాలి?" అన్నాడొకడు. మోరా అంటే టీచర్. వినాల్సింది దేవుడు కాదురా, మనం: "ఇశ్రాయేలూ, విను" అని కదా ఉంది! ఆ మొదటి వాక్యంలో చివరి మాట 'ఎహాద్', అంటే ఒక్కడే. వాడు చివర 'ద' పలికే దాలెత్‌ అక్షరానికి బదులు 'ర' పలికే రేష్ రాశాడు. రెండూ మన థ, ధల్లాగే కవలలు. రేష్‌కి భుజం గుండ్రం, దాలెత్‌కి మూల. ఆ మూల పోయిందంటే చుక్కల్లేని రాతలో 'ఒక్కడు' కాస్తా 'వేరొకడు' అయిపోతాడు. అందుకే మా పవిత్రగ్రంథం తోరాలో ఆ దాలెత్‌ను పెద్దగా రాస్తారట.

ఈ మాట రబ్బీ చెవిన వేస్తే, మరుసటి ఆదివారం తోరా చుట్ట విప్పి చూపించారు. "చుక్కలేవీ?" అని పిల్లలు నోళ్లు తెరిచారు. చుట్టలో చుక్కలుండవు. తోలు మీద వేలు పెట్టకూడదని వెండి పుల్ల ఆ రేష్ రాసిన పిల్లాడి చేతికిచ్చారు. వాడు వరుస వెంట కుడినుంచి ఎడమకి మెల్లగా జరుపుకుంటూ వెళ్లి ఆగాడు.

"మోరా, మూల ఉంది!"