క్లిప్పుల నుంచి టైమ్‌లైన్‌కి ఎప్పుడు దాటాలి?

కంప్యూటర్‌లో పాట కడుతున్నారు. డ్రమ్స్, బేస్, ప్యాడ్ (వెనకాల సాగే స్వరం), పైన చిన్న ఫ్లూట్ బిట్. ఎనిమిది బార్ల లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క) బ్రహ్మాండంగా కుదిరింది. 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు), 4/4లో, అంటే బార్‌కి నాలుగు బీట్లతో, ఒక బార్ 2.5 సెకన్లు, అంటే లూప్ మొత్తం 20 సెకన్లు. నాలుగు నిమిషాల పాటకి 96 బార్లు కావాలి. చాలా ప్రాజెక్టులు ఆ ఎనిమిదికీ ఈ తొంభయ్యారుకీ మధ్యే ఆగిపోతాయి. క్లిప్పులు (విడివిడిగా మోగించుకునే ముక్కలు) మేలా, టైమ్‌లైన్ (పాటని మొదటి నుంచి చివరిదాకా పరిచే గీత) మేలా అన్న వాదన కంటే, ఒకదాన్నుంచి రెండోదానికి ఎప్పుడు దాటాలన్నది తేల్చుకోవడం ముఖ్యం. నా మటుకు, పల్లవికీ చరణానికీ రెండేసి లూపులు నిలబడగానే దాటేయాలి.

సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌నే తీసుకుందాం. అందులో సెషన్ వ్యూ క్లిప్పులది, అరేంజ్‌మెంట్ వ్యూ టైమ్‌లైన్‌ది. ట్యాబ్ కీ కొడితే అటూ ఇటూ మారతాం. 2014లో వచ్చిన బిట్‌విగ్ స్టూడియోలోనూ, 2020లో లాజిక్ ప్రో 10.5తో వచ్చిన లైవ్ లూప్స్‌లోనూ ఇదే పద్ధతి ఉంది.

సెషన్‌లో ఒక్కో నిలువువరస ఒక్కో ట్రాక్, ఒక్కో అడ్డవరస ఒక్కో సీన్, రెండూ కలిసే గడి స్లాట్. ప్రిల్యూడ్, పల్లవి, ఇంటర్‌లూడ్, చరణం అని పేర్లు పెట్టేస్తే పాట అస్థిపంజరం కళ్లముందుంటుంది. ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. సీన్ లాంచ్ చేసినప్పుడు (ఆ వరస మొత్తాన్ని మోగించినప్పుడు) ఏ ట్రాక్‌లో స్లాట్ ఖాళీగా ఉందో అక్కడ నడుస్తున్న క్లిప్ ఆగిపోతుంది, ఎందుకంటే ఖాళీ స్లాట్‌లో స్టాప్ బటన్ ఉంటుంది. పల్లవిలోని ప్యాడ్ ఇంటర్‌లూడ్‌లోకీ సాగాలంటే, ఆ ఖాళీ స్లాట్ మీద కంట్రోల్-ఈ (మ్యాక్‌లో కమాండ్-ఈ) కొట్టి స్టాప్ బటన్ తీసేయాలి. క్లిప్‌ని ప్రతి సీన్‌లోకీ కాపీ చేసే బాధ తప్పుతుంది.

దాటడం ఇలా. స్టాప్ రెండుసార్లు నొక్కి 1.1.1కి, అంటే పాట మొదటికి, రండి. షిఫ్ట్ పట్టుకుని అరేంజ్‌మెంట్ రికార్డ్ బటన్ నొక్కండి; షిఫ్ట్ లేకపోతే వెంటనే రికార్డింగ్ మొదలై ముందు ఖాళీ పడుతుంది. తర్వాత మొదటి సీన్ లాంచ్ చేయండి, పాట అక్కణ్నుంచే రికార్డవుతుంది. గ్లోబల్ క్వాంటైజేషన్ (నొక్కింది ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్) 1 బార్ మీద ఉంటే, తర్వాతి సీన్‌ని బార్ మధ్యలోనే నొక్కేయాలి. సమం (బార్ మొదటి దెబ్బ) మీదే నొక్కుదామని ఆగితే, వెంట్రుకవాసి ఆలస్యమైనా ఒక బార్ అవతల మొదలై పల్లవి తొమ్మిది బార్లవుతుంది. అలా జరిగినా మళ్లీ రికార్డ్ చేయక్కర్లేదు. అరేంజ్‌మెంట్‌లో ఆ బార్ సెలెక్ట్ చేసి డిలీట్ టైమ్ ఇస్తే ఆ తర్వాతి భాగం అన్ని ట్రాకుల్లోనూ కలిసి ఎడమవైపుకి జరుగుతుంది.

రికార్డింగ్ ఆపి ట్యాబ్ కొడితే అంతా మసకగా కనిపిస్తుంది, ప్లే చేస్తే పాత లూపే వినిపిస్తుంది. రికార్డింగ్ పాడవలేదు. ఒక ట్రాక్ ఒక సమయంలో సెషన్ మాటో అరేంజ్‌మెంట్ మాటో, ఒక్కటే వింటుంది; సెషన్ క్లిప్పులు ఇంకా పట్టు వదల్లేదు. వెలుగుతున్న బ్యాక్ టు అరేంజ్‌మెంట్ బటన్ నొక్కితే సరి.

ఇంకో చిక్కు: టైమ్‌లైన్ మీద పడ్డవి కాపీలు. సెషన్‌కి వెళ్లి బేస్ నోట్ మారిస్తే అరేంజ్‌మెంట్‌లో మారదు. ఎఫ్ఎల్ స్టూడియో అనే మరో సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది, అక్కడ ప్యాటర్న్ మారిస్తే ప్లేలిస్ట్‌లో అది ఉన్న ప్రతిచోటా మారుతుంది, వేరుగా కావాలంటే మేక్ యూనీక్ చేయాలి. లైవ్‌లో మాత్రం దాటాక వెనక్కెళ్లి దిద్దడం మానుకోండి. రెండు రూపాలు తయారై, ఏది సరైనదో మీకే తెలియకుండా పోతుంది.

తాళం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మృదంగం మీద మిశ్రచాపు తాళంలో, తకిట తకధిమి అని, ఏడు నోట్ల (ఒక్కోటి అర బీటు) క్లిప్ చేశారు, ప్రాజెక్ట్ మాత్రం 4/4లోనే ఉంచేశారు. క్లిప్ ఒంటరిగా చక్కగా తిరుగుతుంది. కానీ మిగతా క్లిప్పులు 4/4 బార్ మీదే, అంటే ఎనిమిదేసి నోట్లకొకసారి అందుకుంటాయి. ఒక బార్ గడిచేసరికి మృదంగం తర్వాతి ఆవర్తనంలో (తాళం చుట్టులో) ఒక నోటు ముందుంటుంది. సమాలు మళ్లీ కలిసేది 56 నోట్లకి, అంటే ఏడు బార్లకి, ఎనిమిది ఆవర్తనాలకి. మధ్యలో లాంచ్ చేసిన వయొలిన్ బిట్ తాళం తప్పినట్టు వినిపించేది అందుకే. మొదటి నోట్ వేయకముందే టైమ్ సిగ్నేచర్ 7/8 చేస్తే బార్, ఆవర్తనం ఒకటవుతాయి.

గొంతు మాత్రం నేరుగా టైమ్‌లైన్‌లోనే రికార్డ్ చేయండి. సమానికి రెండు మాత్రల ముందే ఎత్తుకునే పల్లవిని క్లిప్‌లో పెడితే, ఆ రెండు మాత్రల కోసం సీన్‌ని ఒక బార్ ముందే లాంచ్ చేయాల్సి వస్తుంది. పైగా చివరి అక్షరం సాగదీసిన చోట క్లిప్ లూప్ అయితే స్వరం తెగుతుంది. లైవ్ 11 నుంచి టేక్ లేన్స్ (ఒకే చోట పాడిన పలు ప్రయత్నాలు ఉంచే వరసలు), కాంపింగ్ (వాటిలో మంచి ముక్కలు ఏరి కలపడం) ఉన్నాయి, అవీ అరేంజ్‌మెంట్‌లోనే.

సినిమా నేపథ్య సంగీతానికైతే క్లిప్పులతో మొదలుపెట్టను. లైవ్‌లో వీడియో కనిపించేది అరేంజ్‌మెంట్‌లోనే, సెషన్‌లో పడేస్తే దాని ఆడియో మాత్రమే మిగులుతుంది. తలుపు పడే ఫ్రేమ్ బార్ గీత మీద ఉండదు కాబట్టి, ముందు ఆ చోట లొకేటర్ (టైమ్‌లైన్ మీద గుర్తు) పెట్టి, టెంపోని దానికి తగ్గట్టు ఒకటి రెండు బీపీఎంలు అటూ ఇటూ జరిపి, ఆ తర్వాతే మొదటి వాద్యం తెరవాలి.