హేలీ వుడ్: ఏప్రిల్‌లో ఒక పూట

కేంబ్రిడ్జి ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు సెలవు దొరికితే లేక్ డిస్ట్రిక్ట్‌కో, స్కాట్లాండ్‌కో ప్లాన్ వేస్తారు. దానికి రెండు మూడు రోజులు కలిసి రావాలి, హోటలు ఖర్చూ ఉంటుంది. ఊరికి పడమరగా పన్నెండు మైళ్ల దూరంలో హేలీ వుడ్ అనే పాత అడవి ఉంది. ఇల్లు కదిలిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నాలుగు గంటలు చాలు. వారాంతం డ్యూటీ చేసి మంగళవారమో బుధవారమో ఆఫ్ తీసుకునే నర్సులకు ఇది మరీ మంచిది, ఆ రోజుల్లో జనం ఉండరు.

ముందే ఒక మాట. నల్లమల చూసిన కళ్లకు ఇది తోపులా కనిపిస్తుంది. మొత్తం కలిపి 120 ఎకరాల పైచిలుకు, మన దగ్గర ఓ మోస్తరు చెరువు కింద ఆయకట్టంత. లోపలికి వెళ్లి అరగంట తిరిగి, 'ఇందులో చూడ్డానికేముంది' అని వెనక్కి వచ్చేవాళ్లున్నారు. వాళ్ల తప్పు లేదు. ఇలాంటి అడవిలో చూడాల్సింది పైన ఉండదు, కాళ్ల దగ్గర ఉంటుంది. అది ఎవరో ఒకరు చెప్తే తప్ప తెలియదు.

ఈ అడవి పేరు 1251లో ఈలీ బిషప్ తన భూములన్నీ లెక్క రాయించినప్పుడే కాగితం మీదికి ఎక్కింది. మన దగ్గర కాకతీయ రుద్రమదేవి ఇంకా సింహాసనం ఎక్కలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇక్కడ అడవి అడవిగానే ఉంది, నాగలి దిగలేదు. 1600కు ముందు నుంచీ చెట్లు పోకుండా ఉన్న చోటును ఇంగ్లండులో ప్రాచీన అడవిగా లెక్కేస్తారు. బ్రిటన్ మొత్తం నేలలో అలాంటిది రెండున్నర శాతమే మిగిలింది. హేలీ వుడ్‌ను 1962లో స్థానిక ప్రకృతి సంరక్షణ ట్రస్టు కొనుక్కుంది. ఆలివర్ రాకమ్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని అడుగడుగునా కొలిచి, 1975లో దీని మీదే ఒక పుస్తకం రాశారు. ఇంగ్లండులో పాత అడవుల చరిత్రను చదివే పద్ధతి చాలా వరకు ఆయన వేసిన దారే.

ఎప్పుడు వెళ్లాలన్నది ముఖ్యం. ఓక్, యాష్ చెట్లు మే నెలకు గానీ పూర్తిగా ఆకు తొడగవు. మార్చి చివరి నుంచి మే మొదటి వారాల దాకా ఎండ నేల దాకా దిగుతుంది. నేల మీది పూల మొక్కలు చాలావరకు ఆ ఆరేడు వారాల్లోనే మొలిచి, పూసి, ఏడాదికి సరిపడా తిండి నేల లోపల దాచుకోవాలి. జూన్‌లో వెళ్తే పచ్చటి చీకటి, దోమలు. ఏప్రిల్ మధ్యలో వెళ్తే ఇక్కడి అసలు సొత్తు ఆక్స్‌లిప్ కనబడుతుంది. జానెడు ఎత్తు కాడ, దాని చివర లేత పసుపు పూలు అన్నీ ఒకే వైపుకు తల వంచి ఉంటాయి. ఇంగ్లండులో ఇది కేంబ్రిడ్జిషర్, సఫోక్, ఎసెక్స్ కలిసే ఈ మూలన తప్ప దాదాపు ఎక్కడా దొరకదు. నీళ్లు నిలిచే బంకమట్టి దీనికి పడుతుంది. అదే మట్టి డాగ్స్ మెర్క్యురీ అనే మొక్కకు పడదు. అడవంతా నడుస్తూ చూస్తే తడి తగ్గిన చోట డాగ్స్ మెర్క్యురీ చాప పరిచినట్టు కమ్మేసి ఉంటుంది, తడి పెరిగిన చోట అది ఆగిపోయి ఆక్స్‌లిప్ మొదలవుతుంది. మన కుప్పింటాకు కుటుంబానిదే ఆ డాగ్స్ మెర్క్యురీ, చూడ్డానికీ కొంచెం అలాగే ఉంటుంది. కానీ విషం, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి.

వెళ్లేదారి బార్టన్, కాంబర్టన్, టాఫ్ట్ మీదుగా లాంగ్‌స్టో వైపు, బి1046 రోడ్డు. లాంగ్‌స్టో దాటి లిటిల్ గ్రాన్స్‌డెన్ వైపు పోతుంటే పెద్ద నీళ్ల టవరు వస్తుంది, అదే గుర్తు. అక్కడికి దగ్గర్లో కారు ఆపి, పొలాల మధ్య దారిలో నడిచి వెళ్లాలి. పొలం గేటుకు అడ్డంగా మాత్రం కారు పెట్టొద్దు. ఆదివారమైనా ట్రాక్టరు రావచ్చు. ఆదివారం బస్సును నమ్ముకోవద్దు. నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా నేరుగా ఈ ఇరుకు రోడ్ల మీదికి రావడం అసలు వద్దు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకో సంగతి: ఇండియా లైసెన్సుతో ఇక్కడ నివాసం మొదలైన నాటి నుంచి పన్నెండు నెలలే నడపొచ్చు.

కాళ్లకు మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి. మనవాళ్ల వనవిహారం చాలావరకు ఇక్కడే చెడుతుంది. ఇది నల్లరేగడికి తమ్ముడి లాంటి నేల. వాన కురిసి వారం అయినా ఆరదు, ట్రైనర్ బూట్లయితే పది నిమిషాల్లో మట్టి ముద్దలవుతాయి. అప్పుడు బురద తప్పించుకోవడానికి దారి అంచు తొక్కుతారు, ఆ అంచులోనే పూలు ఉంటాయి. ఇక్కడ పూసే బ్లూబెల్ అనే నీలి పూల మొక్క ఆకు ఒక్కసారి నలిగితే మళ్లీ లేవదు, ఆ ఏడాది గడ్డకు తిండి అందదు. విత్తనం నుంచి పువ్వు దాకా రావడానికి దానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఫొటో కోసం పూల మధ్యలో పాపను కూర్చోబెడితే ఆ మచ్చ చాలా ఏళ్లు కనిపిస్తుంది. ఫొటో దారి మీద కూర్చునే తీయండి. కెమెరా మోకాలి ఎత్తుకు దించితే పూలు దగ్గరకు జరిగినట్టు పడతాయి.

ఇంతకీ అది అసలు బ్లూబెల్లేనా, తోటల్లోంచి పారిపోయి వచ్చిన స్పెయిన్ రకమా అన్నది తేల్చుకోవచ్చు. వంగి ఒక్క పువ్వు లోపలికి చూడాలి. పుప్పొడి మీగడ రంగులో ఉంటే స్థానికం, నీలంగా ఉంటే స్పెయిన్ రక్తం కలిసింది. స్థానికం కాడ ఒక పక్కకు వాలుతుంది, రేకుల చివర్లు వెనక్కి మడుచుకుంటాయి, తియ్యటి వాసన వేస్తుంది. గడ్డ తవ్వి ఇంటికి తేవడం 1981 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం.

అడవి అంచు దాటేటప్పుడు ఆగి చూడండి. బయట కందకం, లోపల కట్ట ఉంటాయి. మధ్యయుగంలో పశువులు లోపలికి రాకుండా పారలతో తవ్వి పోసిన కట్ట అది. ఎందుకంత శ్రమ అంటే, లోపల ఉన్నది వాళ్లకు పంట. ఆ పంట తీసే పద్ధతిని కాపిసింగ్ అంటారు. చెరకు కొట్టాక మొదళ్ల నుంచి కార్శి తోట లేచినట్టు, జామాయిల్ నరికాక మోడు నుంచి మళ్లీ కర్ర వచ్చినట్టు, ఇక్కడ హేజెల్, యాష్, మేపుల్ చెట్లను నేల దగ్గరికి కొట్టి వదిలేస్తారు. హేజెల్‌ను ఏడు నుంచి పదేళ్లకోసారి కొడతారు. కర్ర దడులకు, పందిళ్లకు, ఇంటి గోడల్లో అల్లికకు, పొయ్యికి పోయేది. మధ్య మధ్య ఓక్ చెట్లను దూలాల కోసం పెరగనిచ్చేవారు. కొట్టే కొద్దీ మోడుకు ఆయుష్షు పెరుగుతుంది. సఫోక్‌లోని బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్‌లో 1252 నుంచీ ఈ పని జరుగుతున్నట్టు దాఖలా ఉంది. అక్కడి ఒక యాష్ మోడు అడ్డం ఐదు మీటర్ల పైన, వయసు వెయ్యేళ్లని అంచనా. గుండ్రంగా, నాచు పట్టి, మధ్య ఖాళీగా, చుట్టూ పది పదిహేను కర్రలు లేచిన పొద హేలీలో కనబడితే అది పాత మోడేనని గుర్తుపట్టండి. కొట్టిన రెండో, మూడో ఏడు ఆ మడిలో పూలు విరగబూస్తాయి. ఏడెనిమిదేళ్లకు నీడ కమ్ముకుని తగ్గిపోతాయి. అందుకే ఏటా ఒక్కో ముక్క చొప్పున కొడుతూ పోతారు. నరికిన చెట్లు చూసి అడవిని పాడుచేస్తున్నారని బాధపడకండి. పడిపోయిన మానులను తీయకపోవడం కూడా కావాలనే. పుచ్చిన కట్టెలో పురుగులు, పుట్టగొడుగులు బతుకుతాయి. ఎండుపుల్లలు ఏరి తెచ్చుకోకూడదు, మంట పెట్టకూడదు.

యాష్ చెట్ల కింద మాత్రం పులిహోర డబ్బా విప్పొద్దు. యాష్ డైబ్యాక్ అనే శిలీంధ్రపు తెగులు 2012లో బ్రిటన్‌లో బయటపడింది, యాష్ చెట్లలో చాలా భాగం దానికి పోతాయి. తెగులు పట్టిన కొమ్మ పెళుసైపోయి చప్పుడు లేకుండా విరుగుతుంది. నడివేసవిలో కూడా పైకొమ్మలు బోడిగా ఉన్న చెట్టు అనుమానించదగ్గది. గాలి గట్టిగా వీచే రోజు ప్రయాణమే మానుకోండి.

పశువులకు పట్టే పిడుదులు ఇక్కడ మనుషులకూ పడతాయి. జింకలున్న అడవి కాబట్టి గడ్డిలో, ఫెర్న్‌లో కాచుకుని ఉంటాయి. చిన్న పిడుదు గసగసాల గింజంతే. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకు జుట్టు అంచున వెతకండి. కనబడితే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నెమ్మదిగా నిటారుగా లాగాలి. కొబ్బరినూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం పనికిరావు, అది చిరాకుపడి తన కడుపులోది మన ఒంట్లోకి కక్కవచ్చు. కుట్టిన తేదీ ఫోన్‌లో రాసుకోండి. నెలలోపు సాధారణంగా, ఒక్కోసారి మూడు నెలల దాకా, ఎర్రటి మచ్చ వలయంలా పెరుగుతుంటే, లేదా ఫ్లూ లాంటి జ్వరం వస్తే, జీపీకి, అంటే మన పేటలోని డాక్టరుకు, 'పిడుదు కుట్టింది' అని స్పష్టంగా చెప్పాలి. అది లైమ్ వ్యాధి కావచ్చు, తొలిదశలో యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. మనలాంటి ముదురు రంగు చర్మం మీద ఆ ఎరుపు తేలిగ్గా కనిపించదు, కాబట్టి మంచి వెలుతురులో చూడాలి.

ఏరుకోవడం గురించి. అడవి వెల్లుల్లి ఆకుతో పచ్చడి నూరుకోవడం మనవాళ్లలో మొదలైంది, రుచీ బాగుంటుంది. అయితే హేలీ లాంటి రక్షిత వనాల్లో ఆకు కూడా తుంచకూడదు. వేరేచోట అనుమతితో కోసినా గుప్పెళ్లతో పీకొద్దు. వాటి మధ్యలోనే ఆరమ్ మొలుస్తుంది. అది కంద, చేమ కుటుంబం. పచ్చి కందలో దురద పెట్టే సూది స్ఫటికాలే దానిలోనూ ఉంటాయి, గొంతు వాచిపోతుంది. వాసన చూసి తేల్చుకుందామంటే, నాలుగాకులు కోశాక వేళ్లకే వెల్లుల్లి వాసన అంటుకుంటుంది. ఈనెలు చూడండి: వెల్లుల్లి ఆకుకు నిలువుగా పక్కపక్కనే సాగుతాయి, ఆరమ్ ఆకుకు వలలా అల్లుకుంటాయి. పుట్టగొడుగుల జోలికి మాత్రం పోనే వద్దు. మనకు తెలిసినవి చెదపుట్టల మీద లేచేవి, ఈ దేశంలో చెదపుట్టలే లేవు. ఓక్ కింద లేచే డెత్ క్యాప్ ఒక్కటి కూరలో పడ్డా కాలేయం పోతుంది.

సాయంత్రం పూట కుక్క మొరిగినట్టు ఆగి ఆగి అరుపు వినిపిస్తే బెదరకండి, మంట్‌జాక్. మన తూర్పు కనుమల్లోని మొరిగే జింకకు చైనా దాయాది. వోబర్న్ పార్కు నుంచి గత శతాబ్దంలో బయటపడి ఇంగ్లండంతా పాకింది. ఆక్స్‌లిప్ పూలనూ, కొట్టిన మోళ్ల లేత చిగుళ్లనూ ఇవీ, ఫాలో జింకలూ మేసేస్తాయి. వీటిని ఆపడానికే కంచె. దాని గేటు తీసినవాళ్లు మళ్లీ వేసి, గొళ్లెం పడిందో లేదో చేత్తో లాగి చూడాలి.

శీతాకాలంలో ట్రస్టువాళ్లు కాపిసింగ్‌కు వాలంటీర్లను పిలుస్తారు. రంపం, చేతి తొడుగులు వాళ్లే ఇస్తారు, టీ ఫ్లాస్కు, భోజనం మనం తెచ్చుకోవాలి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద జీతం లేని సేవ చేయొచ్చు. కర్రను నేలకు వీలైనంత దగ్గరగా, కోత బయటికి వాలేలా కోయడం నేర్పిస్తారు. సమంగా కోస్తే నీళ్లు నిలిచి మోడు కుళ్లుతుంది. కోసిన రెమ్మలను మోడు మీదే గుట్టగా కప్పితే జింక మూతికి చిగురు అందదు. పక్షులు గూళ్లు కట్టే కాలం కాబట్టి మార్చి దాటాక రంపం పట్టరు.